ముదిరే దాకా ఆగాలా?

రాత్రి పదిన్నర దాటింది. నరసరావుపేటలో పెళ్లి భోజనం చేసి గుంటూరు తిరిగొస్తున్నారు. స్టీరింగ్ మీ చేతిలో ఉంది. పక్క సీట్లో మీ ఆవిడ తాంబూలం సంచి ఒళ్లో పెట్టుకుని, పెళ్లిలో ఎవరు ఎవరితో మాట్లాడలేదో చెబుతోంది. మీకు యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నారు. ఎక్కడ గుంత ఉందో, ఏ మలుపు దగ్గర గేదెలు అడ్డం వస్తాయో మీకు కంఠతా వచ్చు.

ఫిరంగిపురం దాటాక ఎదురుగా లారీ. కనిపించేది లారీ కాదు, దాని లైట్లు. రెండు లైట్లు నాలుగవుతాయి. ఆ నాలుగూ ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ముందు అద్దం మీద ఎవరో గ్లాసెడు పాలు చల్లినట్టు అంతా తెల్లబడుతుంది. వైపర్ వేస్తారు. పొడి అద్దం మీద అది కిర్రుమంటుంది. తెలుపు తుడుచుకుపోదు.

"డిప్పర్ కొట్టండి."

"కొట్టాను."

వాడు లైటు తగ్గించాడో లేదో మీకు తెలియదు. రోడ్డు అంచున తెల్లగీత ఉండాలి. లేదు. కొంచెం ఎడమకి జరుగుతారు. ఎడమన ఏముందో తెలియదు. కాలు తీస్తారు. బ్రేకు వెయ్యాలా? వెనక బండి ఉందేమో. పై అద్దంలోకి చూస్తారు. అందులోనూ లైటే.

"ట్రాక్టరు!"

మీకు కనబడలేదు. బ్రేకు. స్టీరింగ్ కుడికి. హారన్. గాలి. లారీ పోయింది.

చీకటి.

చీకటి పడగానే చూపు తిరిగొస్తుంది. మీ ఎడమ అద్దానికి జానెడు దూరంలో మిర్చి బస్తాల ట్రాక్టరు ఆగి ఉంది. వెనకాల ఒక్క ఎర్ర స్టిక్కరైనా లేదు. డ్రైవరు కిందికి దిగి టైరు చూసుకుంటున్నాడు. అతని లుంగీ గళ్లు కూడా ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మీ ఆవిడ సంచిని గట్టిగా పట్టుకునే ఉంది. "ఎన్నాళ్ల నుంచండీ ఇలా?"

"ఆ లారీవాడు హైబీమ్ వేసుకుని వచ్చాడు" అంటారు మీరు. అది నిజమే. నిజం కాబట్టే నమ్మడానికి బాగుంది.

మర్నాడు పొద్దున మిర్చి యార్డులో ఉంటారు. మార్చి నెల, సీజను నడిమధ్య. షెడ్లు నిండి, మిర్చి బస్తాలు బయట సిమెంటు దారుల మీదికి వచ్చేశాయి. గేటు దాటగానే ఘాటు గొంతు పట్టుకుంటుంది. తుమ్మే వాళ్లు తుమ్ముతున్నారు, దగ్గే వాళ్లు దగ్గుతున్నారు, ముఠా కూలీలు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని బస్తాలు మోస్తున్నారు. ఎగుమతిదారుకి కాయ చూసి కొనిపెట్టడం మీ పని. బస్తా కుట్టు దగ్గర వేళ్లు దూర్చి గుప్పెడు కాయ తీస్తారు. ఆడిస్తే గింజ గలగలమనాలి. తొడిమ విరిస్తే టప్పుమనాలి. నెమ్ము సంగతి చెవి చెబుతుంది, వేళ్లు చెబుతాయి. రంగు సంగతి మాత్రం కన్నే చెప్పాలి. నిండు ఎరుపు కాయకీ, తెల్లబారిన తాలు కాయకీ మధ్య క్వింటాలుకి వేల రూపాయల తేడా ఉంటుంది.

ఎండలో నిలబడి అరచెయ్యి చాచి చూస్తారు. "తాలు ఎక్కువుంది" అంటారు.

రైతు మీ చేతికేసి చూస్తాడు, తర్వాత మీ మొహంకేసి చూస్తాడు. పల్నాడు నుంచి రాత్రంతా బస్తాల మీద కూర్చుని వచ్చిన మనిషి. "అయ్యా, ఇది తేజ రకం. దీన్ని తాలంటారా? ఒక్కసారి ఇట్టా నీడలోకి రండి."

నీడలోకి వెళతారు. అవే కాయలు, అదే చెయ్యి. ఎరుపు నిగనిగలాడుతోంది. తాలు లేదు. రైతు ఇంకేమీ అనడు. మీ పక్కనున్న గుమస్తా కుర్రాడు పుస్తకంలో రాసింది కొట్టేసి, తలెత్తకుండా మళ్లీ రాస్తాడు.

ఎండలో కనబడనిది నీడలో ఎలా కనబడింది? రోజంతా ఆ ప్రశ్న మీ వెంటే తిరుగుతుంది.

సాయంత్రం కళ్లజోళ్ల షాపుకి వెళతారు. చీకటి గదిలో కుర్చీ, ఎదురుగా వెలిగే బోర్డు. చివరి వరస ఒక్కటి తప్ప అన్నీ చదివేస్తారు. "6/9 వచ్చింది బాబాయ్ గారూ, చూపు బాగానే ఉంది" అంటాడు కుర్రాడు. "శుక్లం మొదలైందిలెండి, ఇంకా ముదరలేదు. ముదిరాక చూసుకోవచ్చు." ఏడాదిలో అద్దాలు మార్చడం ఇది రెండోసారి. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని మీరు గొప్పగా చెప్పుకుంటున్నారు. ఆరు నెలలుగా పేపరు అద్దాల్లేకుండా చదువుతున్నారు. వయసు వెనక్కి నడుస్తోందని పెళ్లిలో నలుగురికీ చెప్పారు కూడా. అది వయసు చేసిన మేలు కాదు. కంటిలోపలి లెన్స్ గట్టిపడుతున్న కొద్దీ దాని పవరు పెరిగి దగ్గర చూపు కొన్నాళ్లు మెరుగవుతుంది. శుక్లం ముందుగా ఇచ్చే బయానా అది. తర్వాత అదీ పోతుంది.

ఇంట్లో సభ కూడుతుంది. మీ బావమరిది కాఫీ తాగుతూ తీర్పు చెబుతాడు: "ముదరకుండా కోయించుకుంటే మళ్లీ వస్తుంది బావా. అయినా ఎండాకాలంలో కంటి ఆపరేషన్ ఏంటి? కార్తీకంలో చూద్దాం." అమ్మాయి ఫోన్లో అరుస్తుంది, "నాన్నా, ఎవరి మాటా వినొద్దు, ముందు డాక్టర్‌కి చూపించుకో."

మీకు మీ అమ్మ గుర్తొస్తుంది. మీరు ఇంటర్ చదివే రోజుల్లో ఆవిడకి హైస్కూలు క్యాంపులో ఆపరేషన్ చేశారు. 1976లో కేంద్రం అంధత్వ నివారణ కార్యక్రమం మొదలుపెట్టాక ఊళ్లలో అలాంటి క్యాంపులు చాలా జరిగాయి. బెంచీలు జరిపి, తరగతి గదిలో మంచాలు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు. కన్ను వెడల్పుగా కోసి, మసకబారిన లెన్స్‌ని గుండుగా బయటికి తీసేవాళ్లు. దాని చోట ఇంకేమీ పెట్టేవాళ్లు కాదు. తర్వాత సోడాబుడ్డి అద్దాలు. వాటిలోంచి మనిషి మొహం పావు వంతు పెద్దగా కనిపించేది, గుమ్మం వంగి కనిపించేది. అమ్మ మెట్టు అంచనా తప్పి పడింది, ఒకసారి కాదు. ఆ చూపు కోసం అంత కష్టం పడాలంటే, ఉన్న చూపు పూర్తిగా పోయేదాకా ఆగడమే తెలివైన పని. ముదరాలి అన్న మాట అప్పటి ఆపరేషన్‌కి సరిపోయిన మాట. ఆపరేషన్ మారి దశాబ్దాలైంది, మాట మాత్రం మీ బావమరిది నోట్లో ఇంకా ఉంది.

కంటి ఆసుపత్రి. టోకెను, బెంచీ, కళ్లు మూసుకుని కూర్చున్న పాతిక మంది. సిస్టరు మీ కనురెప్ప లాగి చుక్కలు వేస్తుంది. మండుతుంది. "కళ్లు మూసుకోండి తాతగారూ." తాతగారా? అరగంటలో కంటిపాపలు విచ్చుకుంటాయి. ఫోను చూస్తే అక్షరాలు అలుక్కుపోయాయి. ఈ రోజు బండి మీరు నడపలేరు, అందుకే తోడు మనిషిని తెచ్చుకోమన్నారు.

చుక్కలు వెయ్యకముందే డాక్టరమ్మ ఒక పని చేసింది. చీకటి గదిలో బోర్డు చదివించింది. షాపులో లాగే చదివేశారు. తర్వాత ఒక చిన్న టార్చి తీసి, పక్కనుంచి మీ కంట్లోకి వేసి, "ఇప్పుడు చదవండి" అంది.

అక్షరాలు మాయమయ్యాయి. కింది వరసలు కాదు, నడిమి వరసలే. టార్చి తీసింది. అక్షరాలు వచ్చాయి. మళ్లీ వేసింది. పోయాయి. ఫిరంగిపురం రోడ్డు ఆ గదిలోకి వచ్చి నిలబడింది.

చార్టు మీది అక్షరాలు ఎవరికీ ఎదురు రావు. లారీలు వస్తాయి. చీకటి గదిలో వచ్చిన 6/9 చూసి ఇళ్లకు పంపించేసిన వాళ్లు ఎందరో అనిపిస్తుంది.

ఇప్పుడు గడ్డం ఒక గిన్నెలో ఆనించి, నుదురు పట్టీకి ఆనించి కూర్చున్నారు. సన్నటి వెలుగు చీలిక కంటిని అడ్డంగా కోస్తూ పోతుంది. "లోపల లెన్స్ తేనె రంగులోకి వచ్చింది" అంటుందావిడ. "అది వయసుది. దానివల్ల తెలుపు పసుపుగా, నీలం నల్లగా కనిపిస్తుంది. మిమ్మల్ని అసలు ఇబ్బంది పెట్టేది ఇంకోటి." కాగితం మీద గుండ్రం గీసి, వెనక గోడ నడిమధ్యలో చుక్క పెడుతుంది. "ఎండలో కంటిపాప చిన్నదవుతుంది కదా. ఆ చిన్న కంతకి సరిగ్గా ఎదురుగా ఈ మచ్చ ఉంది. నీడలో పాప పెద్దదవుతుంది, మచ్చ పక్కల నుంచి వెలుగు లోపలికి పోతుంది, చూస్తారు. ఎదురు లైటు పడితే పాపా ముడుచుకుంటుంది, వెలుగూ ఈ మచ్చ మీద చెదురుతుంది."

రైతు నీడలోకి రమ్మన్నది ఇందుకన్నమాట.

"షుగర్ ఎన్నేళ్లుగా ఉంది?" "పన్నెండేళ్లు." "ఆయాసానికి ఏమైనా వాడతారా?" సీజన్లో ఘాటుకి దగ్గు పట్టి స్టెరాయిడ్ మాత్రలు, పీల్చే మందు వాడిన సంగతి మీ ఆవిడ చెబుతుంది. షుగరూ, స్టెరాయిడూ రెండూ ఈ రకం మచ్చకి దగ్గరి చుట్టాలే. తర్వాత డాక్టరమ్మ మీరు అనుకోని ప్రశ్న అడుగుతుంది.

"ప్రోస్టేట్‌కి మాత్రలు వాడుతున్నారా?"

కంటి డాక్టరుకి ఆ గొడవెందుకు? గదిలో ఇంకో ఇద్దరు పేషెంట్లున్నారు. లేదని చెప్పేద్దామా? రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తోందని ఏడాదిగా ఒక మాత్ర వేసుకుంటున్నారు. చెప్పాలా వద్దా? గొంతు తగ్గించి చెబుతారు. "టామ్సులోసిన్" అని ఆవిడ కేసు కాగితం మీద ఎర్రసిరాతో రాస్తుంది. ఆ మందు మూత్రనాళాన్ని వదులు చేసినట్టే కంటిపాపని విప్పి ఉంచే కండరాన్నీ వదులు చేస్తుంది. ఆపరేషన్ మధ్యలో పాప ముడుచుకుపోతుంది, చుట్టూ ఉన్న పొర అల్లల్లాడుతుంది. 2005 దాకా ఈ సంగతి కంటి వైద్యులకే స్పష్టంగా తెలియదు. "మాత్ర మానొద్దు, మానినా ఆ ప్రభావం పోదు. నాకు ముందే తెలిస్తే చాలు, సిద్ధంగా ఉంటాను." మీరు సిగ్గుపడి దాచి ఉంటే ఆవిడ ఆ సంగతి మీ కన్ను తెరిచాకే తెలుసుకునేది.

రెటీనా చూస్తుంది. షుగర్ మచ్చలు లేవు. ఉంటే లెక్క వేరుగా ఉండేది. లెన్స్ మార్చినా వెనక తెర పాడైతే బొమ్మ పడదు.

"అయితే చేయించుకోవాల్సిందేనా మేడం?"

ఆవిడ వెంటనే ఔననదు. "చేయించుకోకపోతే రేపు కన్నేమీ పోదు. ఏడాది ఆగినా చేస్తాం. మరీ ఆగితే లెన్స్ రాయిలా గట్టిపడుతుంది. దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాలి, ఆ దెబ్బ నల్లగుడ్డు లోపలి కణాలకి తగులుతుంది. అవి మళ్లీ పుట్టవు. ఇంకా ముదిరితే ఉబ్బి కంట్లో ప్రెజర్ పెరగొచ్చు. మీది ఆ దశలో లేదు." అడక్కుండానే రెండో పక్కా చెబుతుంది. ఇన్ఫెక్షన్ వెయ్యిలో ఒకరికో, అంతకన్నా తక్కువ మందికో వస్తుంది. వస్తే చూపే పోవచ్చు. వెనక పొర చిరగడం నూటికి ఒకరిద్దరికి జరుగుతుంది. మీ మాత్ర వల్ల మీకు ఇంకొంచెం ఎక్కువ.

వెయ్యిలో ఒకరు. బయట బెంచీ మీద పాతిక మంది. మీ బుర్ర లెక్క వెయ్యడం మొదలుపెడుతుంది. చుక్కల మందుతో కరిగిపోతుందని పక్కింటాయన చెప్పింది కూడా అడుగుతారు. "కరిగించే చుక్కలు ఉంటే నేను ఈ గదిలో ఎందుకుంటాను?" అని నవ్వుతుంది.

"మీరు రాత్రిళ్లు బండి నడుపుతారా?"

మీరు నోరు తెరవకముందే మీ ఆవిడ అంటుంది, "నడుపుతారు."

ఇక్కడ నిర్ణయం రెండుగా చీలుతుంది. సీజను వదిలి మార్చిలో కత్తి కింద పడుకోలేరు. శుక్లానికి తొందర లేదు, రోడ్డుకి ఉంది. తాళాలు ఆ సాయంత్రమే అల్లుడి చేతిలో పెడతారు. కాయ ఎండలో చూడరు, షెడ్డు నీడలోనే చూస్తారు. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు. అప్పుడు చేయించుకుంటానంటారు. ఎండాకాలం అని బావమరిది మొత్తుకుంటాడు. కుట్లు లేకుండా రెండున్నర మిల్లీమీటర్ల గాటుతో, ఏసీ గదిలో చేసే పనికి రోహిణి కార్తె ఏం అడ్డం?

మే వస్తుంది. అద్దాల గదిలో కౌన్సెలర్ అమ్మాయి లామినేషన్ కాగితం తిప్పుతుంది. లెన్స్ పేర్లు, ఎదురుగా ధరలు. చివరి గడి ధర మొదటి గడికి అయిదారు రెట్లు. "దూరం, దగ్గర రెండూ అద్దాల్లేకుండా కనిపిస్తాయి అంకుల్, చాలామంది ఇదే తీసుకుంటున్నారు." మీరు ముప్పై ఏళ్లుగా సరుకు అమ్మేవాళ్ల మధ్య బతికినవాళ్లు. చాలామంది తీసుకుంటున్నారు అన్న మాట ఎప్పుడు వస్తుందో మీకు తెలుసు.

"దీనికి తాలు ఎంత?" అంటారు. ఆ అమ్మాయికి అర్థం కాదు. మేడంని అడుగుతారు. ఆవిడ సూటిగా చెబుతుంది. ఆ ఖరీదైన లెన్స్ వెలుగుని పంచుతుంది, కొంత దూరానికి, కొంత దగ్గరికి. చదువుకునే వాళ్లకి, అద్దాలంటే చిరాకు పడేవాళ్లకి బాగుంటుంది. రాత్రి దీపాల చుట్టూ వలయాలు రావచ్చు, రంగుల మధ్య తేడా ఒక పిసరు తగ్గొచ్చు. రాత్రి రోడ్డు, ఎరుపులో రకాలు: మీకు కావలసినవి సరిగ్గా ఆ రెండే. కింది గడి చాలు, దూరానికి ఒకే పవరు. దగ్గరికి అద్దాలు ఎటూ నలభై రెండో ఏట నుంచి జేబులో ఉన్నాయి.

నమూనా లెన్స్ మీ అరచేతిలో పెడతారు. మధ్యలో ఆరు మిల్లీమీటర్ల బిళ్ల, రెండు వంకర కాళ్లు. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. కంట్లో పరాయి వస్తువు పడితే నలక పడ్డట్టు గుచ్చుకోదా? ఆ అనుమానం అందరికీ ఉండేది, రెండో ప్రపంచ యుద్ధం దాకా. విమానం కాక్‌పిట్ కప్పు పగిలి ప్లాస్టిక్ ముక్కలు కళ్లలో దిగిన బ్రిటిష్ పైలట్లని చూసిన హెరాల్డ్ రిడ్లే అనే వైద్యుడు, కన్ను ఆ ముక్కల్ని నెట్టెయ్యకుండా ఊరుకుందని గమనించాడు. 1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్ ఒకామె కంట్లో పెట్టాడు. తోటి వైద్యులు ఏళ్ల తరబడి తిట్టారు. మన దేశంలో ఆ లెన్స్ మామూలు మనిషికి అందిన కథలో 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టిన ఆరోల్యాబ్‌ది పెద్ద భాగం. మీ అమ్మకి మాత్రం ఇవేవీ అందలేదు.

కంటి కొలత తీస్తారు. ఎర్రచుక్క కేసి చూడమంటారు. రెప్ప ఆడిస్తే మళ్లీ తీస్తారు, విసుక్కోకండి. కంటి పొడవు ఒక్క మిల్లీమీటరు తప్పుగా కొలిస్తే పవరు రెండున్నర, మూడు పాయింట్లు తప్పుతుంది.

సంతకం. ఆపరేషన్ రోజు. కుడి కన్ను పైన స్కెచ్ పెన్నుతో బాణం. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ "ఏ కన్నండీ?" అని అడుగుతారు. బాణం కనబడట్లేదా అని కోపం వస్తుంది. వాళ్లు అడగడం మానేస్తే అప్పుడు భయపడాలి.

బల్ల మీద వెల్లకిలా పడుకుంటారు. గోధుమరంగు బెటడిన్ చుక్కలు. మంట. మొహం మీద గుడ్డ కప్పుతారు, ఒక్క కంటికే కంత. రెప్పల మధ్య క్లిప్పు. ఇక కన్ను మూసుకుందామన్నా మూతపడదు. పైన లైటు, దాన్నే చూస్తుండమంటారు. సూది లేదు, చుక్కల మత్తే. కత్తి కనిపించదు. చల్లటి నీళ్లు పారుతున్నాయి. వెలుగు గులాబీ రంగులోకి, నీలంలోకి తిరుగుతుంది. మిషను సన్నగా రాగం తీస్తుంది. ఆ శబ్దం మీరు ఎక్కడో విన్నారు. పళ్ల డాక్టరు దగ్గర. అక్కడి నుంచే వచ్చింది అది. చార్లెస్ కెల్మన్ అనే అమెరికా వైద్యుడు పళ్లు కడిగించుకుంటూ ఆ కంపించే సూదిని చూసి, దాంతో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చెయ్యొచ్చని 1967లో చేసి చూపించాడు.

"బాగా ఉన్నారు. కదలకండి."

లెన్స్ సంచిలో ఆవిడ సూది తిరుగుతోంది. సంచి వెనక గోడ మందం వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు.

గొంతులో గర.

మింగుతారు. పోదు. గుడ్డ కింద గాలి వెచ్చగా ఉంది. మింగుతారు. ఇంకా పైకి వస్తోంది. మిర్చి దగ్గు. ఆపగలరా? ఆపాలి. ఆపలేరు. ఛాతీ బిగుస్తోంది. చెయ్యి లేపొద్దన్నారు. తల కదపొద్దన్నారు. దగ్గితే? సూది లోపలే. చెప్పాలా? మాట్లాడితే కదులుతుందా? ఇంకో క్షణం.

"మేడం. దగ్గొస్తోంది."

"ఆగండి. ఒక్క క్షణం."

రాగం ఆగింది. నీళ్లు ఆగాయి.

"తీసేశాను. ఇప్పుడు దగ్గండి."

దగ్గుతారు. బల్ల కదిలేలా దగ్గుతారు. ఎవరో మీ భుజం తడతారు. "ముందే చెప్పారు, మంచి పని చేశారు" అంటుందావిడ. మళ్లీ నీళ్లు, మళ్లీ రాగం. మడిచిన లెన్స్ లోపలికి వెళ్లి విచ్చుకుంటుంది. మీకు తెలిసేది కొద్దిపాటి ఒత్తిడి మాత్రమే. టీ తాగినంత సేపట్లో అయిపోయింది.

మర్నాడు కట్టు విప్పుతారు. గోడ తెల్లగా ఉంది. మీగడ రంగు వేశారనుకున్నారు ఇన్నాళ్లూ. కుడి కన్ను మూస్తే గోడ పలచటి టీ రంగు, ఎడమ కన్ను మూస్తే తెలుపు, అందులో కాస్త నీలం కూడా. సిస్టరు చుక్కల అట్ట చేతిలో పెడుతుంది: ఈ వారం ఇన్నిసార్లు, వచ్చే వారం అన్నిసార్లు. తలస్నానం వద్దు, నలపొద్దు, రాత్రి ప్లాస్టిక్ డొప్ప పెట్టుకోండి. ఎర్రబడినా, నొప్పి పెట్టినా, చూపు తగ్గినా తెల్లారే దాకా ఆగొద్దు, వెంటనే రండి. మీ ఆవిడ వంకాయ, గోంగూర పెట్టొచ్చా అని అడుగుతుంది. పెట్టొచ్చంటారు. అయినా ఇంట్లో నెల్లాళ్లు బీరకాయ పప్పే.

మూడు వారాల తర్వాత మళ్లీ అదే కుర్చీ. రెండో కంటికి ఇప్పుడు మీరే తొందరపడుతున్నారు. యార్డు తెరవబోతున్నారు, రెండు కళ్లూ రెండు రంగులు చెబుతుంటే కాయకి ధర కట్టలేరు. చేయించుకోవాలా వద్దా అన్న ప్రశ్న పోయింది. ఇంకోటి వచ్చింది.

"రెండోది కూడా దూరానికే పెట్టమంటారా, ఒక పాయింటు దగ్గరికి పెట్టనా?" అంటుంది మేడం. ఎడమ కన్ను మూయించి, నయమైన కుడి కంటి ముందు ఒక అద్దం పెడుతుంది. జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీస్తారు. చెయ్యి చాపినంత దూరంలో పేరు చదవగలుగుతున్నారు. ఎదుటి గోడ గడియారం ముల్లు మాత్రం కాస్త అలికింది. అద్దం తీస్తే ముల్లు వస్తుంది, పేరు పోతుంది. పెడితే, తీస్తే. పెడితే, తీస్తే. బస్తా దగ్గర వంగినప్పుడల్లా జేబులోంచి జోడు తియ్యక్కర్లేకపోవడం ఒక పక్క. రాత్రి రోడ్డు ఇంకో పక్క.

"రెండూ దూరానికే పెట్టండి. రాత్రిళ్లు బండి నడపాలి" అంటారు.

"బండి అల్లుడు నడుపుతాడు మేడం" అంటుంది మీ ఆవిడ.

మీరు ఆవిడకేసి చూస్తారు. ఆవిడ మీకేసి చూడదు.

"ఒక పాయింటు కాకుండా ముప్పావు పెట్టొచ్చా?"

మేడం నవ్వుతుంది. "పెట్టొచ్చు. కచ్చితంగా ముప్పావే అని మాటివ్వలేను. పావు అటో ఇటో పడుతుంది."

"మా తూకాల్లోనూ ఆ మాత్రం తేడా ఉంటుంది లెండి. రాసెయ్యండి."